ఓడిన ఆలోచన ఊరికే పోకూడదంటే

మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజన్ బింగ్‌లో 2012లో ఒక ఉద్యోగికి చిన్న ఆలోచన వచ్చింది. మనం ఏదైనా వెతికినప్పుడు పైన ప్రకటనలు కనిపిస్తాయి కదా. ఒక్కో ప్రకటనకు పెద్ద అక్షరాల్లో ఒక శీర్షిక, దాని కింద సన్న అక్షరాల్లో వివరం ఉంటాయి. ఆ వివరంలోని మొదటి లైనును పైకి జరిపి శీర్షిక పక్కనే చేరిస్తే శీర్షిక కాస్త పొడుగవుతుంది. ఆలోచన అంతే. చేయాల్సిన పనుల జాబితాలో ఇలాంటివి వందలు ఉంటాయి కాబట్టి దీన్ని అడుగున పడేశారు. ఆరు నెలలకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక ఇంజనీర్, రాయాల్సిన కోడ్ కొంచెమే కదా అని, దాన్ని తయారుచేసి కొంతమంది యూజర్లకు మాత్రం కనిపించేలా పెట్టాడు.

కొన్ని గంటల్లోనే అలారం మోగింది. ఆదాయం మామూలు కన్నా మరీ ఎక్కువ వస్తే మోగేలా పెట్టుకున్న అలారం అది. ఇలాంటిది మోగిందంటే లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగిందనే ముందు అనుమానిస్తారు. వెతికి చూశారు. పొరపాటు లేదు. ఆదాయం నిజంగానే 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే అది ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైమాట.

మైక్రోసాఫ్ట్‌లో ప్రయోగాల విభాగాన్ని నడిపిన రాన్ కొహావీ, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ స్టీఫన్ థామ్కేతో కలిసి 2017లో ఈ సంగతి రాశారు. దీన్ని అదృష్టం కథగా చెప్పుకునేవాళ్లున్నారు. నన్ను ఆలోచింపజేసేది మాత్రం ఆ ఆరు నెలలు. జాబితాను చూసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కారు, అదే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు. అయినా ఏది పండుతుందో చూడగానే చెప్పలేకపోయారు. జాబితాలో పైన, పెద్దల ఆశీస్సులతో కూర్చున్న ఆలోచనల సంగతీ ఇంతే. కొహావీ లెక్క ప్రకారం మైక్రోసాఫ్ట్‌లో పరీక్షించిన మార్పుల్లో సుమారు మూడోవంతు మేలు చేశాయి, మూడోవంతు ఏ తేడా చూపలేదు, మిగిలిన మూడోవంతు కీడు చేశాయి. బింగ్, గూగుల్ లాంటి చోట్ల, సులువైన మెరుగులన్నీ ఎప్పుడో అయిపోయాయి కాబట్టి, పది పరీక్షల్లో గెలిచేవి ఒకటో రెండో.

పదింట ఎనిమిది ఓడిపోయే వ్యాపారంలో ఆ ఎనిమిదీ ఏం మిగిల్చి వెళ్తాయన్నదే అసలు ప్రశ్న. ఓటమి తనంతట తాను ఏమీ నేర్పదు. ఓడితే ఎందుకు ఓడామో తెలిసేలా ముందుగానే ఏర్పాటు చేసుకున్నవాళ్లకే అది నేర్పుతుంది. ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో చూద్దాం.

విజయవాడలో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సంస్థ ఉందనుకోండి. ఏప్రిల్‌లో సీసా మీద లేబుల్ మార్చారు. మే నెలలో అమ్మకాలు రెట్టింపయ్యాయి. లేబుల్ పనిచేసినట్టేనా? అది ఆవకాయ కాలం. అమెరికాలో ఉన్న పిల్లలకు కొరియర్ చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. పాత లేబుల్ ఉన్నా అమ్మకాలు పెరిగేవి. అదే లేబుల్‌ను ఆగస్టులో మార్చి ఉంటే అమ్మకాలు తగ్గేవి, లేబుల్ జనానికి నచ్చలేదని తీసేసేవాళ్లు. రెండు సందర్భాల్లోనూ నిర్ణయానికి ఆధారం కాలమే తప్ప లేబుల్ కాదు. మార్పుకు ముందు, మార్పు తర్వాత అని పోల్చినప్పుడల్లా ఈ చిక్కు ఉంటుంది. రుతువు, పండగ, జీతాల తేదీ, పక్క కంపెనీ ఇచ్చిన ఆఫర్, అన్నీ మధ్యలో దూరతాయి.

విరుగుడు ఏమిటంటే రెండు లేబుళ్లనూ ఒకే రోజుల్లో అమ్మకానికి పెట్టడం. ఎవరికి ఏది చూపాలో మనం ఎంచకూడదు, చీటీ తీసినట్టు జరగాలి. వెబ్‌సైట్‌లో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. వచ్చిన ప్రతి మనిషికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ఒక లెక్కలో వేస్తే వచ్చే ఫలితాన్ని బట్టి కొందరు పాత లేబుల్ వైపు, కొందరు కొత్త లేబుల్ వైపు వెళ్తారు. అదే మనిషి మర్నాడు వచ్చినా మళ్లీ అదే లేబుల్ కనిపిస్తుంది. ఇక పండగ వచ్చినా వర్షం వచ్చినా రెండు గుంపుల మీదా ఒకేలా పడుతుంది. చివరికి రెండు గుంపుల మధ్య తేడా మిగిలితే దాన్ని లేబుల్ ఖాతాలో వేయవచ్చు. కంపెనీల్లో దీన్నే ఏ/బీ టెస్ట్ అంటారు.

ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్ వాళ్లది కాదు, పొలాల్లో పుట్టింది. ఇంగ్లండ్‌లోని రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త చేరారు. ఏ ఎరువు మంచిదో తేల్చాలంటే ఒక మడిలో ఒకటి, పక్క మడిలో ఇంకొకటి వేసి చూస్తే చాలదు, ఎందుకంటే మడికీ మడికీ నేల సారం మారుతుంది. అందుకే ఏ మడికి ఏ ఎరువో చీటీతోనే తేలాలని ఆయన పట్టుబట్టారు. ఆ పద్ధతుల్ని 1935లో పుస్తకంగా తెచ్చారు.

ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జ్‌లో 1948లో పీహెచ్‌డీ పూర్తిచేసిన మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన సి.ఆర్.రావు. ఒక యంత్రంలో ఏడు మీటలు ఉండి, ఒక్కో మీటకు రెండు స్థానాలు ఉన్నాయనుకుందాం. అన్ని కలయికలూ పరీక్షించాలంటే 128 సార్లు నడపాలి. రావుగారు 1940లలో రూపొందించిన ఆర్తోగొనల్ అర్రేల పద్ధతిలో, మీటల ప్రభావాలు ఒకదానితో ఒకటి పెద్దగా ముడిపడనప్పుడు, తెలివిగా ఎంచిన ఎనిమిది కలయికలతోనే ఏ మీట ఎంత పనిచేస్తుందో తేల్చవచ్చు. 1954-55లో కలకత్తా సంస్థకు వచ్చి వెళ్లిన జపాన్ ఇంజనీర్ గెనిచి టగుచి ఈ పట్టికలను కర్మాగారాలకు పరిచయం చేశారు. కార్లు, ఎలక్ట్రానిక్స్ తయారీలో నాణ్యత కోసం వీటిని విరివిగా వాడారు. 2023లో 102 ఏళ్ల వయసులో రావుగారు కన్నుమూసినప్పుడు పత్రికలు నివాళులు రాశాయి, కానీ ఫ్యాక్టరీల్లో ఆయన పట్టికలు చేసిన పని గురించి మన ఇళ్లలో ఇంకా తగినంతగా చెప్పుకోలేదనే నాకు అనిపిస్తుంది.

మళ్లీ బింగ్ దగ్గరికి వద్దాం. ఫేస్‌బుక్, ట్విటర్ ఊపు మీద ఉన్న రోజుల్లో బింగ్ ఒక పెద్ద పందెం కాసింది. వెతికిన ఫలితాల పక్కన మూడో గడి ఒకటి తెరిచి, అందులో మన స్నేహితులు ఆ విషయం గురించి ఏమంటున్నారో చూపాలని. వినగానే బాగుంటుంది. హోటల్ గురించి వెతికితే, ఆ ఊరు వెళ్లొచ్చిన స్నేహితుడు పక్కన కనిపిస్తాడు, ఎవరికి చేదు? దీని మీద రెండున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. జనం రాకపోకల్లో గానీ, ఆదాయంలో గానీ చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. చివరికి వదిలేశారు.

ఇలాంటి చోట పరీక్ష లేని కంపెనీలో ఏం జరుగుతుందో మనం ఊహించగలం. డబ్బు పెట్టినవాళ్లు ఇంకో ఏడాది గడువు అడుగుతారు. జనానికి అలవాటు కావాలంటారు. మొత్తం మీద బింగ్ వాడకం పెరిగి ఉంటే ఆ పెరుగుదలను ఈ గడి ఖాతాలో రాస్తారు. మూడో గడి చూసినవాళ్లు, చూడనివాళ్లు అని రెండు గుంపులు పక్కపక్కనే ఉన్నప్పుడు ఆ వాదనలకు చోటుండదు. రెండున్నర కోట్ల డాలర్లు తక్కువ సొమ్మేం కాదు. కానీ సమాధానం వచ్చాక ఆగగలగడం వల్ల ఆదా అయిన సొమ్ము ఎవరి పద్దులోనూ కనిపించదు, అందుకే దాన్ని ఎవరూ మెచ్చుకోరు.

ఇంతకన్నా లోతైన పాఠం బింగ్‌కు ఒక బగ్ నేర్పింది. ఒక పరీక్షలో పొరపాటు జరిగి, కొందరు యూజర్లకు చాలా నాసిరకం ఫలితాలు వెళ్లాయి. అంకెలు చూస్తే ఒక్కో మనిషి వెతికిన సార్లు 10 శాతానికి పైగా, ఒక్కో మనిషి వల్ల వచ్చిన ఆదాయం 30 శాతానికి పైగా పెరిగాయి! కావలసింది దొరక్కపోయేసరికి జనం మాటలు మార్చి మళ్లీ మళ్లీ వెతికారు. ఫలితాలు పనికిరానివి కావడంతో పైనున్న ప్రకటనల మీద నొక్కారు. అప్పటి కొలతల ప్రకారం చూస్తే, సెర్చ్‌ను పాడుచేసిన ఆ బగ్‌ను అందరికీ పెట్టేయాలి. పెట్టేస్తే కొన్నాళ్లకు జనం గూగుల్‌కు వెళ్లిపోతారని చెప్పడానికి గణాంకాలు అక్కర్లేదు.

అప్పుడు తేలింది, తప్పు కొలతలో ఉందని. ఒక పనికోసం వచ్చిన మనిషి తక్కువసార్లు వెతికి వెళ్లిపోతే అది సెర్చ్ ఇంజన్ గొప్పతనం. కాబట్టి వెతికిన సార్లు పెరగడాన్ని గెలుపుగా లెక్కించడం మానాలి. దాని బదులు, ఒక్కో మనిషి మళ్లీ ఎన్నిసార్లు తిరిగి వస్తున్నాడో చూడాలి. తృప్తి పడినవాడే తిరిగి వస్తాడు. కొహావీ బృందం 2012లో ఈ అనుభవాన్ని పరిశోధన పత్రంగా బయటపెట్టింది. నా దృష్టిలో 10 కోట్ల డాలర్ల శీర్షిక కన్నా ఇదే గొప్ప సంపాదన. శీర్షిక ఒక్క గెలుపు ఇచ్చింది. ఈ బగ్, అప్పటినుంచి వచ్చే ప్రతి ఆలోచననూ ఏ తూకంతో తూచాలో చెప్పింది. అదీ గాక ఆ తూకం పరీక్షకు ముందే రాసి పెట్టుకోవాలి. అంకెలు వచ్చాక తూకం ఎంచుకుంటే ఎవరికి కావలసిన గెలుపు వారికి దొరుకుతుంది.

అంకెలు ఉన్నంత మాత్రాన నిజం చేతికి వచ్చినట్టు కాదని ఈ పని చేసేవాళ్లకు బాగా తెలుసు. ట్వైమన్ సూత్రమని వాళ్లలో ఒక మాట ఉంది. ఆశ్చర్యపరిచే అంకె కనిపిస్తే, అది తప్పయి ఉండడానికే అవకాశం ఎక్కువని దాని భావం. పది లక్షల మందిని సగం సగం పంచామనుకుందాం. ఒక వైపు 5,05,000, రెండో వైపు 4,95,000 మంది తేలారు. పైకి చిన్న తేడాలా ఉంటుంది. నాణెం ఎగరేసినట్టు పంచితే మాత్రం ఇంత తేడా రావడం దాదాపు అసాధ్యం. అంటే ఎక్కడో గొట్టం కారుతోంది. కొత్త పేజీ బరువై, పాత ఫోన్లున్నవాళ్లు అది తెరుచుకునే లోపే వెళ్లిపోతూ ఉండవచ్చు. వాళ్లు లెక్కలోకే రారు, మిగిలినవాళ్లను చూసి కొత్త పేజీ భేషని మురిసిపోతాం. ఈ ఒక్క లెక్క సరిచూడకుండా మిగతా అంకెలు చదవడం వృథా.

ఇంకో ఉచ్చు కాకతాళీయం. రెండు గుంపులకూ ఒకే పేజీ చూపినా అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. మామూలుగా కంపెనీలు పెట్టుకునే గీత ప్రకారం, ఏ ప్రభావమూ లేని మార్పు కూడా 20 పరీక్షల్లో సగటున ఒకసారి ప్రభావం ఉన్నట్టు కనిపిస్తుంది. పనికిరాని ఆలోచనలు 20 పరీక్షిస్తే కనీసం ఒకటైనా ఇలా మోసం చేసే అవకాశం 64 శాతం. రోజూ పొద్దున్నే అంకెలు చూస్తూ, మనకు నచ్చిన రోజున పరీక్ష ఆపేస్తే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. అందుకే పరీక్ష ఎన్నాళ్లు నడపాలో ముందే రాసుకుంటారు. రెండు వైపులా ఒకే పేజీ పెట్టి, యంత్రాంగం అబద్ధం చెబుతోందేమో అప్పుడప్పుడూ సరిచూస్తారు. 2013లో బింగ్‌లో అక్షరాల రంగులు అతి కొద్దిగా మార్చి చూస్తే ఫలితాలు అనుకోనంత బాగా వచ్చాయి. నమ్మబుద్ధి కాలేదు. 3.2 కోట్ల మందితో మళ్లీ నడిపితే అదే వచ్చింది. రంగు మార్పు విలువ ఏడాదికి కోటి డాలర్లకు పైగా తేలింది. గెలుపును కూడా మళ్లీ పరీక్షించే ఓపిక ఉన్నచోటే ఓటమి లెక్కలను నమ్మవచ్చు.

సమాచారం ఉన్నా ప్రశ్న తప్పయితే ఏమవుతుందో కోకాకోలా 1985లో చూసింది. రుచి మార్చేముందు సుమారు 2 లక్షల మందితో రుచి చూపించి అడిగింది. కొత్త రుచికే ఎక్కువమంది ఓటేశారు. ఏప్రిల్ 23న కొత్త కోక్ వచ్చింది, పాతది ఆగిపోయింది. జనం భగ్గుమన్నారు. జులైలో పాతదాన్ని వెనక్కి తేవాల్సి వచ్చింది. గుక్కెడు తాగి ఏది బాగుందో చెప్పమంటే జనం నిజాయితీగానే చెప్పారు. ఏళ్లుగా తాగుతున్నది ఇక దొరకదంటే ఏం చేస్తారన్నది ఆ గ్లాసుల్లో లేదు. ఒకటి రెండు పట్టణాల్లో పాతది నిజంగానే ఆపి చూసి ఉంటే ఆ కోపం ముందుగానే తెలిసేది.

జేసీ పెన్నీ సంగతి ఇంకా బాధాకరం. అప్పట్లో 1,100 దాకా దుకాణాలున్న ఈ అమెరికా సంస్థకు 2011 నవంబరులో ఆపిల్ నుంచి రాన్ జాన్సన్ అధిపతిగా వచ్చారు. ఆపిల్ స్టోర్లను తీర్చిదిద్దినవారు కాబట్టి అందరూ ఆశపడ్డారు. 2012 ఫిబ్రవరిలో కూపన్లూ, సేల్స్ తీసేసి, ఏడాది పొడవునా నిలకడైన ధరలు పెట్టారు. కొన్ని దుకాణాల్లో ముందుగా చూడకుండా అన్నింట్లో ఒకేసారి. నిజాయితీ గల ఆలోచనే. కానీ ఆ దుకాణానికి వచ్చేవాళ్లకు కూపన్ పట్టుకొచ్చి బేరం గెలవడమే కొనుగోలులో సగం సరదా. ఏడాదిలో అమ్మకాలు సుమారు పావు వంతు పడిపోయాయి, 98.5 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. 2013 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. అన్ని దుకాణాల్లోనూ ఒకేసారి మారింది కాబట్టి, పోల్చి చూడడానికి మారని దుకాణం ఒక్కటీ మిగల్లేదు. కూపన్లు తీసేయడం దెబ్బతీసిందా, కొత్త సరుకా, ప్రకటనలా అన్నది విడదీసి చెప్పే దారి మూసుకుపోయింది. పది పదిహేను దుకాణాల్లో కొన్ని నెలలు నడిపి ఉంటే నష్టం లక్షల్లో ఉండేది, పాఠం స్పష్టంగా ఉండేది. వేలమంది ఉద్యోగాలు పోయిన ఆ ఏడాదిని తలచుకుంటే, పరీక్షకు సమయం లేదనే మాట నాకు సబబుగా అనిపించదు.

అలాగని అన్నింటినీ పరీక్షించవచ్చనడం లేదు. పరీక్ష మనుషుల మీద జరుగుతుంది. 2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారం పాటు 6,89,003 మంది యూజర్ల ఫీడ్‌లో కొందరికి సంతోషకరమైన పోస్టులు, మరికొందరికి విషాదకరమైన పోస్టులు తగ్గించి, వాళ్లు రాసే మాటల్లో మార్పు వస్తుందేమో చూసింది. 2014లో ఆ పరిశోధన అచ్చయ్యాకే ఆ సంగతి లోకానికి తెలిసింది. తేలిన ప్రభావం చాలా చిన్నది, రేగిన ఆగ్రహం చాలా పెద్దది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. బటన్ రంగు మార్చడం వేరు, మనిషి మనసు కుంగుతుందేమో చూద్దామని అతనికి చెప్పకుండా కదిలించడం వేరు. మన ఇంట్లోనే ఇద్దరి ఫోన్లలో ఒకే యాప్ రెండు రకాలుగా కనిపిస్తే, మనం ఏదో ఒక పరీక్షలో ఉన్నామని అనుకోవచ్చు. ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి ఆ కంపెనీలో ఉన్నాడో లేదో అడిగే హక్కు మనకుంది.

ఆఫీసులో ఓటమిని ఎలా చూస్తారన్నది ఇంకా మిగిలి ఉంది. అమెజాన్‌లో గ్రెగ్ లిండెన్ అనే ఇంజనీర్, మనం కార్టులో వేసిన వస్తువులను బట్టి ఇంకేం కావచ్చో సూచించే పేజీ తయారుచేశారు. డబ్బు కట్టబోయే మనిషి దృష్టి మళ్లుతుందని ఒక సీనియర్ వైస్ ప్రెసిడెంట్ అభ్యంతరం చెప్పారు, ఆ పని ఆపమన్నారు. ఆ భయం అర్థంలేనిదేం కాదు. అయినా లిండెన్ పరీక్ష నడిపారు. అది ఎంత తేడాతో గెలిచిందంటే, పెట్టకపోతే సంస్థకు నష్టమని తేలి వెంటనే అందరికీ పెట్టారు. హోదాకు తలవంచి ఉంటే, ఆ అభ్యంతరం తప్పో ఒప్పో ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇలాంటి పరీక్షలు నడిపే పనిలో హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ, సియాటెల్ చుట్టుపక్కలా తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఏడాది చివర అప్రైజల్‌లో వాళ్లను ఎన్ని ఫీచర్లు విడుదల చేశావని మాత్రమే అడిగితే, పదింట ఎనిమిది ఓడే చోట మంచి ఇంజనీర్ కూడా అంకెలను వంచడం నేర్చుకుంటాడు. ఓడిన పరీక్షకు ఒక పేజీ రాయమని అడిగి, దాన్ని పనిగా లెక్కేసే చోట పరిస్థితి వేరుగా ఉంటుంది. ఆ పేజీలో మొదట ఏమనుకున్నారో, ఏ కొలత పెట్టుకున్నారో, ఎంతమందికి ఎన్నాళ్లు చూపారో ఉండాలి. కొత్త యూజర్లు, పాత యూజర్లు, ఫోన్ వాళ్లు, కంప్యూటర్ వాళ్లు విడివిడిగా ఎలా స్పందించారో ఉండాలి. మార్పు వల్ల పేజీ ఎంత నెమ్మదించిందో కూడా ఉండాలి. బింగ్‌లో సెకనులో పదోవంతు తేడా ఆదాయాన్ని 0.6 శాతం కదిలించిందని కొహావీ, థామ్కే రాశారు. ఆ లెక్కన చాలా మంచి ఆలోచనలు నెమ్మదితనం వల్లే ఓడి ఉండవచ్చు. ఏడాది తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి అదే ఆలోచనతో వస్తే, ఇది అప్పుడే చేసి చూశాం, పనిచేయలేదు అని ఒక్క ముక్కలో తోసేయకుండా ఆ పేజీ ఆమె చేతికివ్వవచ్చు. చదివి, అప్పుడు పేజీ నెమ్మదించడమే కారణమని గమనిస్తే, దాన్ని తేలిక చేసి, మళ్లీ సగం మందికి పెట్టి చూస్తుంది.